ఫ్లై అనే మాట వెంట వెళ్తే గోదావరి దగ్గర తేలాను: ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ రివ్యూ

ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే ఒక వెబ్‌సైటు గురించి రాస్తున్నాను. పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. అందరూ ఎటిమ్‌ఆన్‌లైన్ అంటారు. ఫోన్‌లో యాప్ కూడా ఉంది. డబ్బు కట్టకుండానే చదువుకోవచ్చు. అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన డగ్లస్ హార్పర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టారు. ఇది అర్థాల కోసం చూసే నిఘంటువు కాదు. ఒక మాట ఎక్కడి నుంచి వచ్చింది, మొదట దేన్ని అనేవారు, ఏ కాలంలో ఏ అర్థం పుట్టింది అన్నది చెబుతుంది. ఇంగ్లీషు చెప్పే టీచర్లకి, తొమ్మిది పది తరగతుల పిల్లలున్న ఇళ్లకి, పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి ఇది ఉండి తీరాలి. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానో తర్వాత చెబుతాను.

నేను ఉండేది నరసాపురంలో. పాఠం చెప్పేది వశిష్ఠ గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు హైస్కూల్లో. స్కూటీని పంటు (బళ్లని కూడా దాటించే పెద్ద పడవ) మీద ఎక్కించి అవతలి రేవు చేరేదాకా ఖాళీయే కాబట్టి ఈ యాప్ ఎక్కువగా అక్కడే చదువుతుంటాను. దీని గొప్పతనం ఊరికే చెబితే తెలియదు. అందుకే ఒక్క మాట పట్టుకుని చివరిదాకా వెళ్లి చూపిస్తాను.

తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు అడిగాడు. "టీచర్, ఫ్లై అంటే ఎగరడం. ఫ్లై అంటే ఈగ. ప్యాంటు జిప్పు దగ్గర దాన్ని కూడా ఫ్లై అంటారంట. మూడింటికీ ఒకటే పేరెందుకండీ?" వెనక బెంచీల్లో నవ్వులు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ప్రశ్న చాలా మంచిది. పాఠ్యపుస్తకంలో గానీ, మేం వాడే గైడ్లలో గానీ దీనికి జవాబు ఉండదు.

యాప్‌లో ఆ మాట కొట్టగానే ముందు క్రియ వస్తుంది. పాత ఇంగ్లీషులో అది ఫ్లెయోగన్. దానికీ వెనక ఒక మూలధాతువు, ప్లెవ్. దాని ముందు చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. ఈ నక్షత్రం గురించి కొత్తవాళ్లు ముందే తెలుసుకోవాలి. ఆ రూపాన్ని రాతలో ఎవరూ చూడలేదు, బంధువులైన భాషలన్నీ పోల్చి పండితులు ఊహించి కట్టారు అని దానికి అర్థం. సంస్కృతం, గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు ఇవన్నీ ఒకే మూలభాష నుంచి చీలినవన్న లెక్కలో ఆ ధాతువుని నిలబెట్టారు. నక్షత్రం ఉన్నదాన్ని శాసనంలో దొరికిన మాటలా పిల్లలకి చెప్పకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ప్లెవ్ అన్న ఆ ధాతువుకి అర్థం ఎగరడం కాదు, పారడం, తేలడం. ఇంగ్లీషులో ఫ్లో, ఫ్లోట్, ఓడల గుంపుని చెప్పే ఫ్లీట్, చివరికి మనకి ఏటేటా భయం పుట్టించే ఫ్లడ్ కూడా ఆ ధాతువు పిల్లలే. అంటే ఇంగ్లీషువాడు గాలిలో పక్షిని చూసి వాడిన మాటకి వెనక ఉన్నది నీళ్లు. ఎగరడమంటే గాలిలో తేలిపోవడం, గాలిలో ప్రవహించడం.

ఆ పేజీలో సంస్కృతం నుంచి ఇచ్చిన బంధువు "ప్లవతే". తేలుతుంది, ఈదుతుంది, నీటి మీద పోతుంది అని అర్థం. అది చదివాక ఫోన్ పక్కన పెట్టి ఆలోచించాను. ప్లవ మనకి కొత్త మాటా? 2021 ఉగాదికి మొదలైన సంవత్సరం పేరే ప్లవ. పంచాంగ శ్రవణంలో ఊరంతా విన్నాం. ప్లవమంటే తెప్ప, పడవ. తెలుగు మీడియంలో సైన్సు చదివినవాళ్లకి ఉత్ప్లవనం గుర్తుండాలి, వస్తువుని నీళ్లు పైకి తోసే బలం. మా వైపు రొయ్యల చెరువుల్లో రైతులు నీటి రంగు చూసి ప్లాంక్టన్ బాగుందో లేదో చెబుతారు. దానికి పుస్తకాల్లో వాడే మాట ప్లవకాలు, నీటిలో తేలేవి అని. స్టాఫ్ రూములో మా తెలుగు మాస్టారికి ఇదంతా చెబితే ఆయన రెండు ముక్కలు కలిపారు. అమరకోశంలో కోతికి ఉన్న పేర్లలో ప్లవంగ, ప్లవగ అనేవి ఉన్నాయట. గెంతుతూ పోయేది అని. సముద్రం దాటిన హనుమంతుడిని రామాయణంలో ప్లవంగముడనేది అందుకే. నీళ్ల మీద తేలడం, గాలిలోకి లంఘించడం, రెండూ సంస్కృతంలోనూ ఒకే ధాతువులో ఇమిడాయన్నమాట. హ్రస్వం, దీర్ఘం, ప్లుతం అని వ్యాకరణంలో చెప్పే ఆ ప్లుతం కూడా అక్కడిదే అన్నారు ఆయన.

ఇది క్లాసులో చెప్పిన రోజు పిల్లలు కదలకుండా విన్నారు. వాళ్లలో సగం మంది లంక ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరిన వరద సంగతి వాళ్ల తాతలు చెప్పగా విన్నారు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు సామాన్లు మంచాల మీద మంచాలేసి పైకి ఎక్కించింది వీళ్లే. వరదని చెప్పే ఫ్లడ్‌కీ, విమానం ఎక్కించే ఫ్లైకీ ఒకటే ఇంటి పేరు అంటే వాళ్లకి ఇంగ్లీషు దూరదేశపు భాషలా అనిపించలేదు. ఈ యాప్ వల్ల నాకు కలిగిన అతి పెద్ద లాభం ఇదే. స్పెల్లింగ్ బట్టీ పట్టమని నేను ఎంత చెప్పినా రానిది, ఒక చుట్టరికం చూపిస్తే వస్తోంది.

ఇక ఈగ. నామవాచకం కింద వేరే ఎంట్రీ ఉంది. ఫ్లై అంటే మొదట ఎగిరే పురుగు ఏదైనా సరే. చిమ్మెట, దోమ, పేడపురుగు, మిడత, అన్నీ ఫ్లైలే. తర్వాత మెల్లగా ఒక్క ఈగకి కుదించుకుపోయింది. పాత విస్తృతమైన అర్థం బటర్‌ఫ్లైలో మిగిలిపోయింది. మరి సీతాకోకచిలుకకి వెన్నతో పనేమిటి? మూత పెట్టని పాలూ వెన్నా అది తింటుందని పాతకాలపు నమ్మకం ఉండేది, కొన్నిటి లేత పసుపు రంగు వల్ల కూడా కావచ్చు అని రెండు ఊహలు చెప్పి, రెంటికీ "బహుశా" పెట్టి వదిలేస్తుంది ఈ డిక్షనరీ. ఇది నాకు ఎంతో నచ్చిన గుణం. వాట్సాప్‌లో ఫలానా మాట ఇలా పుట్టింది అని వచ్చే కథలన్నీ ఎంత ధీమాగా ఉంటాయో చూస్తూనే ఉన్నాం. ఇక్కడ తెలిసింది తెలిసినట్టు, తేలనిది తేలనట్టు ఉంటుంది.

ప్యాంటు సంగతి కూడా చెప్పాలి, పిల్లాడు అడిగాడు కాబట్టి. గుడారానికి తలుపులా వేలాడే గుడ్డని 19వ శతాబ్దం మొదట్లో ఫ్లై అన్నారు, గాలికి ఎగురుతుంది కదా. అక్కడి నుంచి బట్టల్లో గుండీలని కప్పే గుడ్డ పట్టీకి 1840ల్లో అదే పేరు వచ్చింది. గుండీలు పోయి జిప్పులొచ్చినా పేరు ఉండిపోయింది. నవ్విన వెనక బెంచీలవాళ్లు కూడా దీన్ని నోట్సులో రాసుకున్నారు.

అర్థాలు ఇంకా బోలెడు. మంచి మార్కులతో పాసైతే ఫ్లయింగ్ కలర్స్ అంటాం. ఆ కలర్స్ రంగులు కాదు, ఓడ మీది జెండాలు. గెలిచిన ఓడ జెండా దించకుండా రేవులోకి వస్తుంది. పరీక్షల రోజుల్లో మన పిల్లలకి గుండె దడ తెప్పించే ఫ్లయింగ్ స్క్వాడ్‌లో ఫ్లయింగ్ అంటే వేగంగా ఎక్కడికైనా వచ్చి వాలేది అని. లండన్ పోలీసుల్లో ఆ పేరున్న దళం 1919లో మొదలైంది. వీధిలో పంచే కరపత్రానికి ఫ్లయర్ అన్న పేరు 1889 నాటిది, గాలికి వెదజల్లే కాగితం అన్న భావంతో.

ఫ్లై బై నైట్ అనే మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. 18వ శతాబ్దం చివర్లో అది ఆడవాళ్లని తిట్టే మాటట, మంత్రగత్తె అని, రాత్రిళ్లు ఎగిరేది అని. 1820ల నాటికి అప్పులు ఎగ్గొట్టి పరారయ్యేవాడికి వాడారు. మన దగ్గర చిట్టీలు కట్టించుకుని రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసే ఘనులు ఉన్నారే, అచ్చం వాళ్లు. అలాంటివాడిని మనం ఏమంటాం? ఉడాయించాడు అంటాం. ఆ ఉడాయించడం హిందీలో ఎగరడమనే ఉడ్‌నా నుంచి వచ్చింది. సొమ్ముతో మాయమైనవాడిని చూసి లండన్‌లోనూ నరసాపురంలోనూ జనానికి పక్షే గుర్తొచ్చింది. కూతురి పెళ్లికి దాచిన చిట్టీ డబ్బు అలా పోయిన ఒక తల్లి మా వీధిలోనే ఉంది. ఆవిడకి ఈ మాటల చుట్టరికంతో ఒరిగేదేమీ లేదు. కానీ కొత్తగా జీతాలు అందుకుంటున్న మా పాత విద్యార్థులకి ఫ్లై బై నైట్ ఆపరేటర్ అంటే ఎవరో తెలిసి ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఫ్లైట్‌కి రెండు ఎంట్రీలుంటాయి. ఒకటి ఎగరడం నుంచి, రెండోది పారిపోవడం నుంచి. పాత ఇంగ్లీషులోనే ఆ రెండు క్రియలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండూ చదవండి, ఒకటి చదివి వదిలేయకండి.

ఫ్లై చూసినవాళ్లు అక్కడే ఆగరు కాబట్టి మా జిల్లాలవాళ్లు తప్పకుండా చూడాల్సిన ఇంకో మాట చెబుతాను. కాక్‌పిట్. విమానంలో పైలట్లు కూర్చునే గది. కాక్ అంటే కోడిపుంజు, పిట్ అంటే గొయ్యి. ఇదేదో పోలికతో పెట్టిన పేరు కాదు. 1580ల్లో ఆ మాటకి ఉన్న అర్థం కోడిపందాల బరి. ఇంగ్లండులో ఒకప్పుడు పందాలు మనకంటే జోరుగా సాగాయి. 1835లో చట్టం తెచ్చి ఆపారు.

భీమవరం చుట్టుపక్కల సంక్రాంతి మూడు రోజులూ చూసినవాళ్లకి బరి అంటే వర్ణించి చెప్పక్కర్లేదు. నేల చదును చేసి, నీళ్లు చల్లి, చుట్టూ కర్రలు పాతి తాడు కడతారు. డేగ, కాకి, నెమలి అని రంగుని బట్టి పుంజుకి పేరు. కాలికి కత్తి పెట్టి దారం చుట్టేవాడి వేళ్ల మీదే పందెం కాసినవాళ్ల కళ్లన్నీ. తర్వాత అంతా క్షణాల్లో అయిపోతుంది. మిగిలేది నేల మీద ఈకలు, నెత్తురు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మా క్లాసులో పిల్లలు ఆ మూడు రోజుల తర్వాత ఎలా వస్తారో, ఇంట్లో ఎంత పోయిందో వాళ్ల మొహాల్లో చూసే మనిషిని నేను. అయినా ఈ మాట చరిత్ర తెలియాలంటే ఆ బరిని కళ్ల ముందు పెట్టుకోవాల్సిందే. ఇరుకైన చోటు, గుంపు, నెత్తురు.

1706 నాటికి ఆ పేరు యుద్ధనౌకలోకి వెళ్లింది. అడుగు అంతస్తులో, వెలుతురు లేని ఇరుకు గది, కుర్ర అధికారులు ఉండేది. యుద్ధం జరిగేటప్పుడు గాయపడ్డవాళ్లని అక్కడికే దించి వైద్యుడు కోతలూ కుట్లూ వేసేవాడు. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో గుండు తగిలిన ఇంగ్లీషు నౌకాదళపతి నెల్సన్‌ని విక్టరీ ఓడలో అలా కాక్‌పిట్‌కే దించారు. అక్కడే పోయాడు. తర్వాత చిన్న పడవల్లో చుక్కాని పట్టేవాడు కూర్చునే పల్లపు చోటుకి ఆ పేరు వచ్చింది. 1914 నాటికి విమానం అందుకుంది, 1930ల్లో కారు. కోడి నుంచి ఓడకి, ఓడ నుంచి గాలిలోకి. ఈ తేదీలన్నీ ఒకే ఎంట్రీలో నాలుగైదు వరుసల్లో ఉంటాయి. నెల్సన్ సంగతి మాత్రం అందులోది కాదు, చరిత్ర పాఠంలోంచి నేను కలిపాను.

ఒక జాగ్రత్త. 1706 అని ఉంటే మాట ఆ ఏడే పుట్టిందని కాదు. రాతలో దొరికిన వాటిలో అంతకంటే పాతది లేదని. జనం నోట్లో అంతకుముందు ఎంత కాలం తిరిగిందో ఎవరూ చెప్పలేరు.

పైలట్ కూడా నీటిలోంచే పైకి లేచాడు. 1510ల్లో పైలట్ అంటే ఓడ నడిపేవాడు, ముఖ్యంగా రేవులోకి తెచ్చేవాడు. కాకినాడ పోర్టులో ఓడని లోపలికి తేవడానికి పడవ మీద వెళ్లి ఎక్కే మనిషిని ఈ రోజుకీ పైలట్ అనే అంటారు. అసలైన పైలట్ ఆయనే. బెలూన్ నడిపేవాడికి 1848లో, విమానం నడిపేవాడికి 1907లో ఆ పేరు వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే ఇటాలియన్, దాని వెనక గ్రీకు, చివరికి చుక్కాని తెడ్డు అనే అర్థమిచ్చే పెడోన్. దారిలో ఒకచోట డ కాస్తా ల అయింది. మా తెలుగు మాస్టారు వెంటనే "డలయోరభేదః" అన్నారు, డకీ లకీ తేడా లేదని. పెడోన్‌కి మూలం కాలుని చెప్పే ధాతువు, సంస్కృతంలో పాదం, లాటిన్ నుంచి వచ్చిన పెడల్ దాని బంధువులు. విమానంలో చుక్కాని తిప్పేది నిజంగా పాదాలతోనే, కింద రెండు పెడల్స్ ఉంటాయి. మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో, దిగే ప్రతి విమానాన్నీ రన్‌వే మీద తిన్నగా నిలిపేటప్పుడు పైలట్ కాళ్లు పని చేస్తూ ఉంటాయి. పాదం దగ్గర పుట్టిన మాట తిరిగి పాదం దగ్గరికే చేరినట్టయింది.

హెలికాప్టర్ గురించి ఒక్క ముక్క. అది హెలి, కాప్టర్ కాదు. హెలికో, ప్టర్. మెలి తిరిగే రెక్క. ఆ ప్టర్‌కి ఇంగ్లీషులో ఫెదర్, సంస్కృతంలో పత్రం చుట్టాలు. పత్రమంటే మొదట రెక్క, ఈక, తర్వాత ఆకు, ఇప్పుడు మనకి కాగితం. సంస్కృతంలో పత్ ధాతువుకి ఎగరడం, పడిపోవడం రెండూ అర్థాలే. పతంగమూ పతనమూ దాని నుంచే.

ఇక ఆ అర మార్కు. సంస్కృత రూపాలు రోమన్ లిపిలో చుక్కలు గీతలతో ఉంటాయి, తెలుగువాళ్లు కాస్త కూడబలుక్కుని చదవాలి. అంతకంటే ముఖ్యంగా, ఇది ఇంగ్లీషు కోసం కట్టినది. ద్రావిడ భాషల వైపు లోతుగా వెళ్లడం దీని పని కాదు. మన మాటలు అరుదుగా తగులుతాయి. బాండికూట్ కొట్టి చూడండి, అది తెలుగు పందికొక్కు అని స్పష్టంగా ఉంటుంది. మన చేలల్లో గట్లు తవ్వి, కంకులు కొరికి రైతుని ఏడిపించే జంతువు ఇంగ్లీషు నిఘంటువులో తెలుగు పేరుతో స్థిరపడింది. అది చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ "ఎగురు" అనే మన సొంత మాట పుట్టుక తెలియాలంటే ఇక్కడ దొరకదు. దానికి బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడాలి, అది షికాగో విశ్వవిద్యాలయం సైటులో ఉంది. పాత తెలుగు నిఘంటువులకి ఆంధ్రభారతి సైటు ఉంది. రెండూ ఉచితమే. ఎటిమ్‌ఆన్‌లైన్ అంత సులువుగా, ఒక మాట నొక్కితే దాని చుట్టాలంతా వరసగా కనబడేలా, తెలుగుకి ఒకటి ఎవరైనా కట్టాలని నా గట్టి కోరిక. మా పిల్లలకి ఫ్లై చరిత్ర వేలి కొసన ఉంది, ఎగురు చరిత్ర లేదు. అది నాకు కష్టంగా ఉంటుంది.

వాడటం మొదలుపెట్టేవాళ్లకి ఒక సలహా. ఎఫ్, ఎల్, వై అని కొడితే ఒకటికి మించి ఎంట్రీలు వస్తాయి. ముందు క్రియ చదవండి. అందులో ధాతువు పేరు మీద నొక్కితే దాని సంతానమంతా ఒక పేజీలో తెరుచుకుంటుంది. ఆ పేజీలో సంస్కృతం అని ఎక్కడుందో వెతికి, ఆ రూపాన్ని తెలుగు లిపిలో కాగితం మీద రాసుకోండి. రాసుకున్నదాన్ని పైకి చదివితే సగం సార్లు మనకి తెలిసిన మాటే వినిపిస్తుంది. ఆ తర్వాతే నామవాచకాలకి వెళ్లండి.